బడి మానడానికి అనుమతిగా పుట్టిన పత్రం: ప్రాథమిక విద్య సర్టిఫికెట్ల వెనక నిబంధనలు

2024 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం విద్యాహక్కు నిబంధనలను సవరించింది. ఐదో తరగతిలోనూ ఎనిమిదో తరగతిలోనూ ఏడాది చివర పరీక్ష పెట్టవచ్చనీ, తప్పినవారికి రెండు నెలల్లోపు మరో అవకాశం ఇవ్వాలనీ, అప్పటికీ గట్టెక్కకపోతే అదే తరగతిలో ఉంచవచ్చనీ ఆ సవరణ చెబుతోంది. నాటి నుంచి తల్లిదండ్రులు అడుగుతున్న ప్రశ్నల్లో ఒకటి పైకి చిన్నదిగా కనిపిస్తుంది గాని నిజానికి చాలా పాతది. ప్రాథమిక విద్య ముగించిన పిల్లలకు బడి ఇచ్చే పత్రం దేనికి రుజువు? అన్నేళ్లు బడికి వచ్చినందుకా, లేక అంత చదువు వచ్చినందుకా?

ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడాను ఒకప్పుడు కొన్ని దేశాలు చట్టంలోనే రాసుకున్నాయి. వాటిలో ఇంగ్లండు నడిచిన దారి అన్నింటికంటే స్పష్టంగా కనిపిస్తుంది. ఆ దారి మద్రాసు ప్రెసిడెన్సీ మీదుగా మన అరుగు బడుల దాకా వచ్చింది కూడా. అందుచేత నేటి వాదనలోకి దిగే ముందు ఆ పాత నిబంధనలను కాస్త నిదానంగా చదవడం అవసరమని నా అభిప్రాయం.

ముందుగా మూడు మాటలు

బడి ఇచ్చే కాగితాలన్నింటినీ మనం సర్టిఫికెట్లనే అంటాం గాని, వాటి పనులు వేరు. ఒక బడి నుంచి మరో బడికి మారేటప్పుడు ఇచ్చే టీసీ, ఫలానా ఏళ్లలో ఇక్కడ చదివాడని చెప్పే స్టడీ సర్టిఫికెట్ కేవలం నమోదుకు సంబంధించినవి. పిల్లవాడు ఎన్ని రోజులు వచ్చాడో చెప్పేది హాజరు పత్రం. చదవడం, రాయడం, లెక్క చేయడం ఫలానా స్థాయి వరకు వచ్చునని పరీక్షించి చెప్పేది సామర్థ్య పత్రం. ఈ వ్యాసంలో మనకు కావలసినవి చివరి రెండూ. చరిత్రలో ఈ రెండూ ఒకదానితో ఒకటి పోటీ పడ్డాయి, కొన్నిచోట్ల ఒకే చట్టంలో పక్కపక్కన నిలిచాయి.

1862: పిల్లవాడి చదువుకు షిల్లింగుల లెక్క

పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ఇంగ్లండులో పేదపిల్లల బడులను ఎక్కువగా చర్చి సంఘాలు నడిపేవి. ప్రభుత్వం వాటికి గ్రాంటు ఇచ్చేది. ఆ గ్రాంటు 1861 నాటికి ఏడాదికి 8 లక్షల పౌండ్లు దాటింది. పేదల బడుల స్థితిని విచారించి అదే ఏడాది నివేదిక సమర్పించిన న్యూకాసిల్ కమిషన్, బడుల్లో పెద్ద పిల్లల మీద చూపే శ్రద్ధ చిన్న పిల్లల మీద లేదనీ, చాలామంది చదవడం రాయడం సరిగా రాకుండానే బడి విడిచిపోతున్నారనీ చెప్పింది. విద్యాశాఖ బాధ్యతలు చూస్తున్న రాబర్ట్ లో (Lowe) అనే ఆయన దీనికి జవాబుగా 1862లో సవరించిన నియమావళిని తెచ్చాడు. ఈ పద్ధతి చవకగా లేకపోతే సమర్థంగానైనా ఉంటుంది, సమర్థంగా లేకపోతే చవకగానైనా ఉంటుంది అన్న అర్థంలో ఆయన పార్లమెంటులో చేసిన వాదన బాగా ప్రసిద్ధి చెందింది.

నియమావళి చదువును ఆరు స్టాండర్డ్‌లుగా విడగొట్టింది. మొదటి స్టాండర్డ్ పిల్లవాడు ఏకాక్షర పదాలతో రాసిన చిన్న కథనాన్ని చదవాలి, చెప్పిన అక్షరాలను పలక మీద రాయాలి, 20 వరకు అంకెలు గుర్తించాలి. నాలుగో స్టాండర్డ్‌కు వచ్చేసరికి పాఠ్యపుస్తకంలోని ఒక చిన్న పేరా చదివి, అదే పుస్తకం నుంచి కొద్దికొద్ది మాటలుగా ఒక్కసారి చెప్పిన వాక్యం రాసి, డబ్బుకు సంబంధించిన లెక్క చేయాలి. ఆరో స్టాండర్డ్‌లో వార్తాపత్రికలోని మామూలు పేరా చదవగలగాలి. ఏడాదికోసారి ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు బడికి వచ్చి ఒక్కొక్క పిల్లవాణ్నీ విడివిడిగా పరీక్షించేవాడు. ఒక స్టాండర్డ్‌లో పరీక్షకు నిలిచిన పిల్లవాణ్ని మరుసటి ఏడాది అదే స్టాండర్డ్‌లో గాని, దానికి దిగువన గాని మళ్లీ నిలపకూడదు.

డబ్బు లెక్క ఇలా ఉండేది (అప్పట్లో 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు). సగటు హాజరును బట్టి తలకు 4 షిల్లింగులు. ఏడాదిలో 200 పూటలకు మించి హాజరైన ప్రతి పిల్లవాడికీ పరీక్ష మీద ఆధారపడి మరో 8 షిల్లింగులు. చదవడం, రాయడం, లెక్క అనే మూడింటిలో దేనిలో తప్పితే దానికి ఆ 8 షిల్లింగుల్లో మూడో వంతు, అంటే 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. అర్హులైన పిల్లలు 100 మంది ఉన్న బడిని ఊహించుకుందాం. అందరూ అన్నింట్లో గెలిస్తే పరీక్ష గ్రాంటు 800 షిల్లింగులు, అంటే 40 పౌండ్లు. వారిలో 20 మంది లెక్కలో తప్పితే బడి 53 షిల్లింగుల 4 పెన్నీలు, అంటే రెండున్నర పౌండ్లకు పైగా పోగొట్టుకుంటుంది. ఆ లోటు చాలాచోట్ల చివరికి ఉపాధ్యాయుడి జీతం మీదే పడేది.

ఈ పద్ధతిని సమర్థించినవారి మాటలో న్యాయం లేకపోలేదు. అంతకుముందు బడిలో వెనకబెంచీ పిల్లవాడిని ఎవరూ లెక్కచేయకపోయినా అడిగేవారు లేరు. ఇప్పుడు అత్యంత నెమ్మదిగా నేర్చుకునే పిల్లవాడికి కూడా ఇతరులతో సమానమైన విలువ కట్టారు, కాబట్టి ఉపాధ్యాయుడు అతణ్ని వదిలేయడానికి వీల్లేదు. ప్రజల పన్నుతో వచ్చిన డబ్బుకు ఏదో ఒక ఫలితం చూపించమని ప్రభుత్వం అడగడం కూడా సహజమే.

వ్యతిరేకించినవారిలో కవిగా పేరున్న మాథ్యూ ఆర్నాల్డ్ ముఖ్యుడు. ఆయన స్వయంగా బడుల ఇన్‌స్పెక్టరు, అంటే ఈ పరీక్షలు చేసిన మనిషి. పరీక్షకు పెట్టే పుస్తకం ముందే తెలిసినప్పుడు పిల్లవాడు దాన్ని బట్టీ పట్టేస్తాడనీ, నిజంగా చదవడం రాకపోయినా చదువు పరీక్షలో గెలవగలడనీ ఆయన తన నివేదికల్లో పదేపదే హెచ్చరించాడు. డబ్బు రాని భూగోళం, చరిత్ర వంటి విషయాలు బడుల్లో వెనక్కి వెళ్లాయి. 1865 నాటికి గ్రాంటు సుమారు 6 లక్షల 37 వేల పౌండ్లకు తగ్గింది. చవకగా ఉంటుందన్న సగం మాట నిజమైంది. ఈ పద్ధతిని 1890 నుంచి సడలిస్తూ వచ్చి ఆ దశాబ్దం ముగిసేలోపే తీసేశారు.

1876: సర్టిఫికెట్ వస్తే బడి మానవచ్చు

ఇప్పటిదాకా పరీక్ష బడి జాతకాన్ని తేల్చేదిగా ఉంది. అది పిల్లవాడి జీవితాన్ని తేల్చే పత్రంగా మారింది 1870 తర్వాతే. ఆ ఏడాది చట్టం స్థానిక స్కూల్ బోర్డులకు నిర్బంధ హాజరు నియమాలు చేసుకునే అధికారం ఇచ్చింది. 1876 చట్టం ఇంకా ముందుకు వెళ్లి పనికీ చదువుకూ ముడిపెట్టింది. పదేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోకూడదు. పదేళ్లకు పైన, పద్నాలుగేళ్లలోపు పిల్లలను పెట్టుకోవాలంటే వారి చేతిలో రెండు పత్రాల్లో ఏదో ఒకటి ఉండాలి.

ఒకటి సామర్థ్య పత్రం. కొత్త నియమం పూర్తిగా అమల్లోకి వచ్చాక, నాలుగో స్టాండర్డ్ పరీక్షలో నెగ్గినవారికి ఇది దక్కేది. రెండోది హాజరు పత్రం. ఐదేళ్ల వయసు దాటాక, ఐదు సంవత్సరాల పాటు, ఏడాదికి 250 హాజరులు, అది కూడా ఏ ఏడాదిలోనూ రెండు బడులకు మించకుండా ఉంటే ఇది ఇచ్చేవారు. పరీక్ష తప్పినా ఈ పత్రంతో బయటపడవచ్చు కాబట్టి జనం దీనికి మొద్దుల పాస్ అని అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ పేరులోని చులకన ఆ పిల్లలను ఎంత నొప్పించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇక్కడ ఒక మాట విడమరచాలి. హాజరు అంటే ఒక పూట. ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి. కాబట్టి 250 హాజరులంటే 125 పూర్తి దినాలు మాత్రమే. మన విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు నిర్దేశించిన పనిదినాలు 200. వాటితో పోలిస్తే అది మూడింట రెండు వంతులకు కూడా తక్కువ. ఆ కొద్దిపాటి గీటురాయిని దాటడమే ఎందరో కూలివాళ్ల పిల్లలకు కష్టంగా ఉండేది. పంట కోతలు, చిన్న చెల్లెళ్లను ఎత్తుకోవడం, చలికాలంలో కాళ్లకు జోళ్లు లేకపోవడం వంటి కారణాలు బడి రికార్డుల్లో గైర్హాజరుగానే మిగిలేవి.

పదేళ్లు నిండిన ముగ్గురు పిల్లలను తీసుకుని ఈ నియమం ఎలా పనిచేసిందో చూద్దాం. మొదటి అమ్మాయి చురుకైనది. నాలుగో స్టాండర్డ్ నెగ్గింది. చట్టం ఆమెను వెంటనే మిల్లుకు వెళ్లనిస్తుంది. రెండో అబ్బాయికి లెక్క ఎప్పుడూ కుదరలేదు, కాని ఐదేళ్లూ ఏటా 250 పూటలు తప్పకుండా వచ్చాడు. అతణ్నీ వెళ్లనిస్తుంది. మూడో అబ్బాయి పరీక్ష నెగ్గలేదు, హాజరు 230 దగ్గర ఆగిపోయింది. అతనికి ఏ పత్రమూ రాదు, కాబట్టి అతను బడిలోనే ఉండాలి. ఇంకా చదివితే ఎంతో ఎదిగే అమ్మాయి అందరికంటే ముందు చదువు మానేస్తుంది. బడి అంటే ఇష్టం లేని పిల్లవాడికి బడి ఒక శిక్షాకాలంగా కనిపిస్తుంది. నెగ్గడం ప్రతిఫలమై, ఆ ప్రతిఫలం చదువు నుంచి విడుదల కావడం ఈ చట్టంలోని అతి పెద్ద చిక్కు అని నేననుకుంటాను.

చట్టం రాసినవారికి ఈ చిక్కు తెలియదనుకోవడం న్యాయం కాదు. అదే 1876 చట్టంలో గౌరవ పత్రం అనదగిన మరో ఏర్పాటు ఉంది. పదకొండేళ్లలోపే సామర్థ్యం చూపించి, మంచి హాజరు కూడా ఉన్న పిల్లలకు ఆ పైన మూడేళ్ల వరకు బడి ఫీజు ప్రభుత్వమే కట్టవచ్చు. అంటే చురుకైన పిల్లలను బడిలో నిలబెట్టే ప్రయత్నం కొంత జరిగింది. కాని ఇంటికి తిండి కావలసిన కుటుంబానికి ఫీజు మిగలడం కంటే వారం వారం వచ్చే కూలి డబ్బులే ఎక్కువ అవసరం. ఇంగ్లండులో ప్రాథమిక విద్య ఫీజు చాలావరకు రద్దయింది 1891లో.

లాంకషైర్ నూలు మిల్లుల్లోనూ యార్క్‌షైర్ ఉన్ని మిల్లుల్లోనూ పూట పిల్లలు అనే మరో వర్గం ఉండేది. వారు ఒక పూట మిల్లులో, ఒక పూట బడిలో గడిపేవారు. తెల్లవారుజామున యంత్రాల దగ్గర నిలబడి, మధ్యాహ్నం బల్ల మీద తల వాల్చి నిద్రపోయే ఈ పిల్లల గురించి ఉపాధ్యాయులు ఎన్నో ఏళ్లు మొర పెట్టుకున్నారు. వారి కుటుంబాల్లో చాలామంది మాత్రం ఆ కూలి పోతే ఎలా బతకాలని ఎదురు ప్రశ్నించారు. ఈ వాదనలో ఏ పక్షమూ పిల్లల మేలు కోరనిది కాదు.

1880లో హాజరు నియమాలు చేయడం అన్ని ప్రాంతాలకూ తప్పనిసరి అయింది. కాని ఏ స్టాండర్డ్ నెగ్గితే బడి మానవచ్చో స్థానిక నియమాలే చెప్పేవి. ఒక ఊళ్లో నాలుగో స్టాండర్డ్ చాలు, పక్క ఊళ్లో ఐదో ఆరో కావాలి. ఒకే పరీక్ష ఫలితం ఒక పిల్లవాణ్ని విడిపించి, అతని దూరపు బంధువును మరో రెండేళ్లు బడిలో ఉంచేది. బడి మానే కనీస వయసు 1893లో 11కూ, 1899లో 12కూ పెరిగింది. చివరికి 1918 నాటి ఫిషర్ చట్టం పద్నాలుగేళ్ల లోపు మినహాయింపులన్నీ తీసేసింది. ఆ దెబ్బతో పూట పిల్లల పద్ధతీ, పనికి వెళ్లడానికి పరీక్ష రాసే పద్ధతీ రెండూ పోయాయి. వయసే కొలత కావడంతో పత్రానికి పనిలేకుండా పోయింది.

అరుగు బడి దాకా వచ్చిన ఇన్‌స్పెక్టరు

ఫలితాన్ని బట్టి గ్రాంటు అనే ఆలోచన 1860ల్లోనే మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే. వీధి అరుగు మీద ఇసుకలో అక్షరాలు దిద్దించే పంతుళ్ల బడులను ప్రభుత్వ పర్యవేక్షణలోకి తేవడానికి ఇది ఒక మార్గమైంది. ఇన్‌స్పెక్టరు పెట్టిన పరీక్షలో ఎందరు నెగ్గితే పంతులుకు అంత గ్రాంటు. భారతదేశంలోని విద్యను విచారించడానికి 1882లో నియమితమైన హంటర్ కమిషన్ దేశీయ బడులకు ఈ పద్ధతే సరిపోతుందని భావించింది. పంతులు జీవనాధారం ఊరివాళ్లిచ్చే ధాన్యం మీదా, పండగ కానుకల మీదా నడుస్తున్న కాలంలో ప్రభుత్వం ఇచ్చే ఆ కొద్ది రూపాయలు చాలా విలువైనవి. కాని శతకాల పద్యాలు, నోటి లెక్కలు, ఉత్తరం రాయడం వంటి ఊరి అవసరాలకు తగిన చదువు కంటే ఇన్‌స్పెక్టరు అడిగేవే ముఖ్యమయ్యాయి. ఇంగ్లండులో వదిలేసిన కొన్నేళ్లకు, 1904లో వైస్రాయ్ కర్జన్ ప్రభుత్వం విడుదల చేసిన విద్యా విధాన తీర్మానం ఇక్కడ కూడా ఫలితాల గ్రాంటుకు స్వస్తి పలికింది.

ఫ్రాన్స్‌లో అదే నియమానికి వేరే గతి

1882 మార్చి 28న ఫ్రాన్స్ చేసిన నిర్బంధ విద్యా చట్టం ఆరు నుంచి పదమూడేళ్ల పిల్లలకు చదువు తప్పనిసరి చేసింది. దాని ఆరో అధికరణం ప్రాథమిక విద్యా పత్రాన్ని స్థాపించింది. పదకొండేళ్లు వచ్చిన ఎవరైనా బహిరంగ పరీక్ష రాయవచ్చు. నెగ్గితే మిగిలిన నిర్బంధ విద్యాకాలం నుంచి మినహాయింపు. 1910లో ఈ వయసును 12కు పెంచారు. కాగితం మీద చూస్తే ఇంగ్లండు నియమానికీ దీనికీ తేడా కొద్దిగానే ఉంది.

ఊళ్లలో మాత్రం ఈ పత్రం పూర్తిగా వేరే అర్థం తెచ్చుకుంది. పరీక్ష కోసం చుట్టుపక్కల పిల్లలంతా ఆ ప్రాంతపు కేంద్ర పట్టణానికి ఉతికిన బట్టలతో వెళ్లేవారు. చెప్పింది రాసే డిక్టేషన్‌లో ఐదు తప్పులు చేస్తే సున్నా, సున్నా వస్తే ఆ పరీక్ష పోయినట్టే. నెగ్గిన పత్రాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించేవారు. పై చదువు అందని రైతు, కూలి కుటుంబాలకు అది మొదటి, తరచుగా చివరి విద్యార్హత. తపాలా, రైల్వే వంటి చోట్ల చిన్న ఉద్యోగాలకు దారి కూడా అదే.

దీన్ని మెచ్చుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. దేశమంతటా పేదపిల్లలకు ఒకే స్థాయి చదువును లక్ష్యంగా పెట్టిందనీ, బడి అంటే గౌరవం నేర్పిందనీ వారంటారు. విమర్శకులు గుర్తుచేసేది మరొకటి. తప్పుతారనుకున్న పిల్లలను ఉపాధ్యాయులు పరీక్షకు పంపేవారు కాదు. కాబట్టి రాసినవారిలో ఉత్తీర్ణత ఎక్కువగా కనిపించినా, 1930ల చివరికి కూడా ఆ వయసు పిల్లల్లో దాదాపు సగం మంది ఈ పత్రం లేకుండానే బడి విడిచారు. 1995లో ఫ్రెంచ్ విద్యాశాఖ 1920ల నాటి ప్రశ్నపత్రాలనే అప్పటి పిల్లలకు ఇచ్చి పోల్చి చూసింది. అక్షరదోషాల్లో కొత్త తరం బాగా వెనకబడింది, సొంతంగా రాసే వ్యాసంలో వెనకబడలేదు. డిక్టేషన్ మీద పత్రం నిలబడిన కాలంలో పిల్లలు డిక్టేషన్ బాగా నేర్చుకున్నారన్నది దీని నుంచి తేలే విషయం. పత్రం ఏది అడుగుతుందో బడి దాన్నే నేర్పుతుంది.

అందరూ మాధ్యమిక విద్యకు వెళ్లడం మొదలయ్యాక ఆ పత్రానికి పని తగ్గింది. 1989లో దాన్ని రద్దు చేశారు. ఐర్లండులో 1929లో ఐచ్ఛికంగా మొదలై 1943లో తప్పనిసరైన ప్రాథమిక సర్టిఫికెట్ కూడా ఇలాగే 1967లో ముగిసింది. అక్కడ పరీక్షించేవి ఐరిష్, ఇంగ్లిష్, లెక్కలు మాత్రమే కావడంతో మిగతా చదువు కుంచించుకుపోయిందన్నది ఉపాధ్యాయుల ప్రధాన ఫిర్యాదు.

మన చట్టంలో ఈ పత్రం ఎక్కడుంది

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం మొదట హాజరు వైపు గట్టిగా మొగ్గింది. సెక్షన్ 16 ఎనిమిదో తరగతి ముగిసేదాకా పిల్లలను ఏ తరగతిలోనూ ఆపకూడదంది. సెక్షన్ 30లోని మొదటి భాగం అప్పటిదాకా బోర్డు పరీక్షే ఉండకూడదంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక తరం గుండెలు దడదడలాడించిన ఏడో తరగతి ఉమ్మడి పరీక్ష లాంటిది ఇక ఉండకూడదన్నమాట. అదే సెక్షన్‌లోని రెండో భాగం, ప్రాథమిక విద్య పూర్తిచేసిన ప్రతి బిడ్డకూ ఒక సర్టిఫికెట్ ఇవ్వాలంటుంది. ఇక్కడ ప్రాథమిక విద్య అంటే ఒకటి నుంచి ఎనిమిది తరగతులు. అంటే ఐదో తరగతి ముగించినందుకు చట్టం విడిగా ఏ పత్రమూ ఇవ్వదు. చాలామంది తడబడేది ఈ దగ్గరే.

2019లో వచ్చిన సవరణ సెక్షన్ 16ను మార్చి, ఆపాలా వద్దా అన్న నిర్ణయాన్ని ఆయా ప్రభుత్వాలకు వదిలింది. 2024 డిసెంబరు నియమాలు కేంద్రం పరిధిలోని కేంద్రీయ విద్యాలయాలు, నవోదయ విద్యాలయాల వంటి వాటికి వర్తిస్తాయి, రాష్ట్రాల బడులకు రాష్ట్రాలు వేరుగా నిర్ణయించాలి. ఏ పిల్లవాణ్నీ బడి నుంచి వెళ్లగొట్టకూడదన్న మాట మాత్రం మారలేదు. ఆపడం మంచిదనేవారు, ఏమీ రాకుండా ఎనిమిదో తరగతి దాటించడం పిల్లవాణ్ని మోసగించడమేనంటారు. వద్దనేవారు, ఆగిపోయిన పిల్లలు, అందులోనూ పేదింటి ఆడపిల్లలు, మెల్లగా బడికే దూరమవుతారంటారు. రెండు భయాలకూ కారణం ఉంది.

ఇంగ్లండు నియమానికీ మన నియమానికీ ఉన్న తేడాను ఒక లెక్కతో చూద్దాం. ఆరేళ్లు నిండగానే ఒకటో తరగతిలో చేరిన అమ్మాయి ఎక్కడా ఆగకపోతే సరిగ్గా పద్నాలుగేళ్లు నిండేవేళకు ఎనిమిదో తరగతి ముగించి సెక్షన్ 30 సర్టిఫికెట్ అందుకుంటుంది. అదే అమ్మాయిని ఐదో తరగతిలో ఒక్కసారి ఆపితే, ఎనిమిదో తరగతి మొదలయ్యే రోజుకే ఆమెకు పద్నాలుగేళ్లు. ఇప్పుడు 2016లో సవరించిన బాలకార్మిక చట్టాన్ని దీనితో కలిపి చదవాలి. పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని, బడి వేళల తర్వాత సొంత కుటుంబ పనికీ, వినోద రంగంలోని బాలకళాకారులకూ ఇచ్చిన మినహాయింపులు తప్ప, ఆ చట్టం నిషేధిస్తుంది. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల వారికి ప్రమాదకరమైన పనులను మాత్రమే నిషేధిస్తుంది. 1876 నాటి మిల్లు యజమాని పన్నెండేళ్ల పిల్లను పెట్టుకునే ముందు పత్రమేదని అడగవలసి ఉండేది. మన ఎనిమిదో తరగతి అమ్మాయిని బట్టల దుకాణంలో పెట్టుకునే యజమాని ఆమె వయసు చూస్తే చాలు, ఆమె చేతికి ఇంకా రాని ఆ సర్టిఫికెట్ గురించి అడగవలసిన అవసరం చట్టప్రకారం లేదు.